క్లాన్ టీషర్టు ఎంతకి అమ్మాలి? ముందు ఎన్ని కొట్టించాలో తేల్చుకోండి

కాకినాడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మాది బీజీఎంఐ అనే ఫోన్ గేమ్ కలిసి ఆడే తెలుగు గ్రూపు, అంటే క్లాన్. డిస్కార్డ్‌లో నాలుగు వందల మంది ఉన్నాం. క్లాన్ పెట్టి మూడేళ్ళవుతోంది కదా, మర్చండైజ్ తెద్దామనుకుంటున్నాం. పోల్ పెడితే హుడీకి ఎక్కువ ఓట్లు పడ్డాయి. తర్వాత టీషర్టు, మౌస్‌ప్యాడ్, మగ్, కీచైన్. అడ్మిన్లం కలిసి నలభై వేలు వేసుకున్నాం. ఏవి చేయించాలి, ఒక్కోటి ఎంతకి పెట్టాలి? టీషర్టు 499 అంటే కొందరు ఎక్కువంటున్నారు. గేమ్ లోగో వేసుకోవచ్చా?"

తమ్ముడూ, ముందు ఆ నలభై వేలు పక్కన పెట్టండి. వాటిని ముట్టుకోకుండానే ఈ పని అవుతుంది, అవ్వాలి కూడా. నేను హైదరాబాద్‌లో టీషర్ట్ ప్రింటింగ్ పనిలోనే ఉన్నాను. కాలేజీ ఫెస్టుల వాళ్ళు, క్రికెట్ టీముల వాళ్ళు ఎప్పుడూ వస్తారు, ఈమధ్య గేమింగ్ గ్రూపుల వాళ్ళు ఎక్కువయ్యారు. చేతిలో డబ్బుతో వచ్చినవాళ్ళకి షాపులో మొదట వినపడే మాట "వంద తీసుకుంటే రేటు తగ్గుద్ది". నిజమే, తగ్గుతుంది. వంద తీసుకుంటారు, అరవై పోతాయి. మిగతావి ఎవరో ఒక అడ్మిన్ మంచం కింద అట్టపెట్టెలో పడి ఉంటాయి, వాటిలో సగం స్మాల్ సైజే అయి ఉంటుంది.

మీరు ఏం చేయించాలి, ఎంతకి అమ్మాలి అని రెండు ప్రశ్నలు అడిగారు. వాటి మధ్యలో ఉన్న "ఎన్ని?" అన్నది అడగలేదు. అది తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి. ఎన్ని అన్నది పోల్ చెప్పదు. పోల్‌లో వేలు నొక్కడానికి పైసా ఖర్చు లేదు, అందుకే చూడ్డానికి బాగున్నదానికి ఓటేస్తారు. హుడీ బొమ్మ ఎప్పుడూ బాగుంటుంది. ఓటేసిన అదే మనిషిని 999 యూపీఐ చెయ్యమనండి, అప్పుడు తెలుస్తుంది సంగతి.

కాబట్టి ప్రీ-ఆర్డర్ పెట్టండి. పది రోజులు గడువు, మొత్తం డబ్బు ముందే. క్యాష్ ఆన్ డెలివరీ పొరపాటున కూడా వద్దు. పార్సిల్ వెళ్ళాక "ఇప్పుడు డబ్బుల్లేవు మావా" అంటే రానూపోనూ కొరియర్ మీకే పడుతుంది, షర్టు మళ్ళీ మీ మంచం కిందకే చేరుతుంది. నాలుగు వందల మంది దగ్గర ముందే డబ్బు తీసుకుంటున్నప్పుడు నమ్మకం కావాలి కదా. దానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టండి, ఎవరి డబ్బు అందిందో గేమ్ పేరుతో ఒక షీట్‌లో రాసి ఛానెల్‌లో అందరికీ కనపడేలా ఉంచండి. ఫోన్ నంబర్లు, అడ్రసులు మాత్రం ఆ షీట్‌లో పెట్టొద్దు. ముప్పై ఆర్డర్లు కూడా రాకపోతే డబ్బు వెనక్కి ఇచ్చేస్తామని మొదటి పోస్టులోనే చెప్పండి.

ఇక వస్తువుల సంగతి.

మౌస్‌ప్యాడ్‌ని కొట్టేయండి. మీది ఫోన్‌లో ఆడే గేమ్. కంప్యూటర్ మీద ఆడే వాలరంట్ గ్రూపు అయితే నేనే ముందు మౌస్‌ప్యాడ్ చెయ్యమనేవాణ్ణి, అదీ కీబోర్డు కూడా పట్టేలా 900 బై 400 మిల్లీమీటర్లది. మీవాళ్ళలో ఎంతమందికి మౌస్ ఉందో ఒకసారి అడగండి. ఫోన్ కవర్ల జోలికి అసలు పోవద్దు, నలభై మంది అడిగితే ముప్పై మోడళ్ళు ఉంటాయి. మగ్ ప్రింట్‌తో కలిపి నూరు రూపాయల్లో అయిపోతుంది గానీ, పెట్టె, బబుల్ ర్యాప్, కొరియర్ కలిపితే మగ్గు ఖరీదంతా మళ్ళీ అవుతుంది. పగిలితే ఇంకోటి పంపాలి. అందరూ ఒకే ఊళ్ళో ఉంటే మగ్ మంచిదే. మీరు కాకినాడ నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నారు.

హుడీ విషయం కాస్త వివరంగా చెప్తాను, ఓట్లు దానికే పడ్డాయి కాబట్టి. 320 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) ఫ్లీస్ హుడీ ప్రింట్ లేకుండానే 450 నుంచి 500 దాకా ఉంటుంది. ప్రింట్, ప్యాకింగ్, కొరియర్ అన్నీ పోను 899కి తక్కువ పెడితే మీకేం మిగలదు. కొరియర్ వాళ్ళు బరువు ఒక్కటే చూడరు, పార్సిల్ సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 700 గ్రాముల హుడీని 35, 28, 8 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే లెక్క 1.57 కిలోలు అవుతుంది. అదే హుడీని గాలి తీసి ప్లాస్టిక్ ఫ్లైయర్‌లో 4 సెంటీమీటర్ల మందానికి అణిచి మడిస్తే 0.78కి దిగుతుంది. ఇవన్నీ చేసినా కాకినాడలో హుడీ ఎన్నాళ్ళు వేసుకుంటారు? డిసెంబరు, జనవరి, ఆపైన ఏసీ ల్యాబు. బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్ళు మీలో చాలామంది ఉంటే అక్టోబరులో దానికి విడిగా ఇంకో ప్రీ-ఆర్డర్ పెట్టుకోండి. టీషర్టుతో పాటు ఒకేసారి పెడితే జనం రెంటి మధ్యా ఊగి దేనికీ డబ్బు కట్టరు.

మీకు సరిపోయేది టీషర్టు. దాని వెనకాల తోకలా స్టిక్కర్లు, ఫింగర్ స్లీవ్‌లు. ఈ రెంటినీ విడిగా అమ్మొద్దు. 75 మిల్లీమీటర్ల స్టిక్కర్లు ఒక ఏ3 వినైల్ షీట్ మీద పదిహేను పడతాయి. ప్రింటు, మ్యాట్ లామినేషన్, కటింగ్ కలిపి షీటు నూట పదికి చేయించినా ఒక్కోటి ఏడెనిమిది రూపాయలు. అయిదు స్టిక్కర్ల సెట్టు మీకు నలభై లోపే పడుతుంది. కానీ ఆ సెట్టు ఒక్కటే కొన్నవాడికి పంపాలంటే కొరియర్ అరవై. టీషర్టు కవర్లోనే వేస్తే కొరియర్ ఏమీ పెరగదు. అందుకని "షర్టుతో పాటు అయితే 79" అని పెట్టండి, తీసుకుంటారు. వేలికి తొడుక్కునే స్లీవ్‌లు మీ ఆటగాళ్ళు రోజూ వాడేవే, హోల్‌సేల్‌లో జత ముప్పై లోపు దొరుకుతాయి. ఆ సన్నటి గుడ్డ మీద లోగో నిలవదు, ప్రయత్నించొద్దు. ప్యాకెట్టులో పెట్టే కార్డు మీద మీ క్లాన్ బొమ్మ వేయించండి, చాలు.

టీషర్టు గుడ్డ తిరుప్పూర్ నుంచి వచ్చే 180 జీఎస్ఎం కాటన్, బయోవాష్ చేసినది, అంటే ఎంజైమ్‌తో ఉతికి నూగు తీసినది తీసుకోండి. 240 జీఎస్ఎం ఓవర్‌సైజ్ ఇప్పుడు ఫ్యాషన్ గానీ, మే నెలలో కోస్తా ఉక్కపోతలో దాన్ని ఒకసారి వేసుకున్నవాడు మళ్ళీ వేసుకోడు. బయోవాష్ లేనిది పాతిక రూపాయలు తక్కువకే వస్తుంది, నాలుగు ఉతుకులకి నూగు లేస్తుంది. ఆ పాతిక దగ్గర కక్కుర్తి వద్దు.

ప్రింటింగ్‌లో మీ నంబరుకి తగ్గది ఎంచుకోవాలి. స్క్రీన్ ప్రింట్‌లో ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేమ్ చెయ్యాలి, ఫ్రేముకి నాలుగైదు వందలు. మూడు రంగుల డిజైన్ ముప్పై షర్టులకి వేస్తే ఆ ఖర్చే షర్టుకి నలభై, యాభై పడుతుంది. వంద దాటితే అంత మన్నికైనది, చవకైనది ఇంకోటి లేదు. యాభై అరవై షర్టులకి డీటీఎఫ్ నయం. ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్‌తో షర్టు మీదికి దించుతారు. ఎన్ని రంగులైనా ఒకటే రేటు, ఒక్కటి కావాలన్నా చేస్తారు. దీనికి ఒక చిక్కుంది. ఛాతీ మీద పెద్ద నిండు చతురస్రం వేస్తే ప్లాస్టిక్ కాగితం అతికించినట్టు ఉంటుంది, కింద చెమట పడుతుంది. అందుకని గీతలతో, ఖాళీలతో ఉన్న డిజైన్ చేయించండి. నల్ల షర్టు అయితే నలుపంతా షర్టుదే కావాలి, ఇంకుతో నలుపు వెయ్యకూడదు. వేడితో రంగుని గుడ్డలోకే ఎక్కించే సబ్లిమేషన్ పాలిస్టర్ మీదే పడుతుంది, అది జెర్సీలకి. మీరు టోర్నమెంట్లకి టీముగా వెళ్తుంటే ఆ అయిదారుగురికి జెర్సీలు విడిగా చేయించుకోండి.

డిజైన్‌లో తెలుగు వాడండి. ఎయిర్ డ్రాప్ పెట్టె, హెల్మెట్ బొమ్మలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. మీ వాయిస్ ఛాట్‌లో రోజూ వినపడే మాటలు మీ దగ్గరే దొరుకుతాయి. "ఆగరా, హీల్ అవుతున్నా", "నెట్ పోయింది మావా", "కవర్ ఇవ్వరా బాబూ" లాంటివి. ఏ మాటకి ఛానెల్‌లో ఎక్కువ నవ్వుతారో మీకే తెలుసు. పోల్ పెట్టాలంటే ఈ మాటల మీద పెట్టండి, ఇక్కడ పోల్ పనికొస్తుంది.

కానీ తెలుగు అక్షరాలు ప్రింటింగ్ షాపుకి వెళ్ళేసరికి విరిగిపోతాయి. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే నడుస్తాయి. మీరు ఫోన్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపింది యూనికోడ్. అది వాళ్ళ పాత కోరల్‌డ్రాలో పేస్ట్ చేస్తే డబ్బాలు కనపడతాయి, లేదా ఒత్తులు ఊడి పక్కకొస్తాయి. ఫోటోషాప్‌లో కూడా దక్షిణాసియా లిపుల సెట్టింగ్ పెట్టకపోతే ఇదే గొడవ. ఆపరేటర్‌కి తెలుగు చదవడం వచ్చినా హడావుడిలో చూసుకోడు. కాబట్టి అక్షరాలన్నీ ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి, వెనక రంగు లేని ఫైలుగా ఇవ్వండి. ప్రింట్ సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. ఇంకొకటి, సన్నటి ఫాంట్ వద్దు. స్క్రీన్ ప్రింట్‌లో "స్త్రీ", "ళ్ళు" లాంటి చోట ఒత్తు మధ్య ఖాళీ ఇంకుతో పూడిపోతుంది. ఏ4 కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి, గోడకి అంటించి ఆరడుగుల దూరం నుంచి చదవండి. చదవలేకపోతే ఫాంట్ మార్చాలి.

వెనక గేమ్ పేర్లు వేయమని అడుగుతారు, ఖాయం. వెయ్యండి, ముప్పై రూపాయలు అదనంగా తీసుకోండి. కానీ మీవాళ్ళ పేర్లకి అటూ ఇటూ రెక్కలు, కిరీటాలు, వంకర అక్షరాలు ఉంటాయి కదా, అవి షాపులో ఉన్న ఏ ఫాంట్‌లోనూ ఉండవు. ఆర్డర్ ఫారంలోనే "మామూలు అక్షరాల్లో రాయండి, పన్నెండు అక్షరాలు మించొద్దు" అని పెట్టండి. పేరు వేసిన షర్టు వెనక్కి తీసుకోం అని కూడా రాయండి, దాన్ని ఇంకొకరికి అమ్మలేరు.

ఇప్పుడు ధర. అరవై ఆర్డర్లు వచ్చాయనుకుందాం. మా దగ్గర ఈమధ్య నడుస్తున్న రేట్లతో లెక్క వేస్తున్నాను, మీ ఊళ్ళో పది ఇరవై అటూఇటూ ఉండొచ్చు.

షర్టు 170. ముందు పెద్ద ప్రింట్, మెడ వెనక చిన్న లోగో కలిపి డీటీఎఫ్ 75. ప్రెస్ కూలి 15. కవరు, కార్డు 12. డిజైన్ గీసినవాడికి మూడు వేలు ఇస్తే షర్టుకి 50. ఆ గీసినవాడు మీ క్లాన్ వాడే అయినా ఇవ్వండి, ఊరికే చేయించుకుంటే మూడోసారి మార్పు అడగడానికి మీకు మొహం చెల్లదు. శాంపిళ్ళకి ఆరు వందలు, షర్టుకి 10. అరవైలో మూడు పాడవుతాయని లెక్క వేసుకోండి, ఒక్కోటి 260 చొప్పున 780, షర్టుకి 13. ఇక్కడికి 345. కొరియర్ సగటున 65 అనుకుంటే 410. పేమెంట్ గేట్‌వే పెడితే రెండు శాతం, ఆ రెండు శాతం మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. 499 మీద పన్నెండు రూపాయలు పోతాయి. నేరుగా యూపీఐ క్యూఆర్ అయితే అది తప్పుతుంది గానీ ఎవరు కట్టారో చేత్తో సరిచూసుకోవాలి. మొత్తం 422.

కాబట్టి 499 ఎక్కువ కాదు. షర్టుకి 77 మిగులుతుంది, అరవైకి 4,620. గుంపుగా నెల రోజులు పని చేసినందుకు అది పెద్ద లాభమేమీ కాదు. ఇప్పుడు "ఎలాగూ అడుగుతారులే" అని అదనంగా కొట్టించారనుకోండి. మిగిలిపోయిన ఒక్కో షర్టు 260 తింటుంది. పది మిగిలితే 2,600. పద్దెనిమిది మిగిలితే 4,680, అంటే అరవై షర్టులు అమ్మిన కష్టమంతా పోయి జేబులోంచి అరవై రూపాయలు పెట్టుకున్నట్టు. షర్టుకి పదిహేను రూపాయలు తగ్గుతుందని వంద కొట్టించేవాళ్ళు ఈ లెక్క వెయ్యరు.

ఎక్కువంటున్నవాళ్ళకి ఏం చెప్పాలి? ఆన్‌లైన్‌లో 249కి షర్టులు ఉన్నాయంటారు. ఉన్నాయి, అవి వేలల్లో కుట్టినవి. వాళ్ళతో ధర దగ్గర పోటీ పడొద్దు. 399కి దించితే ఒక్కో షర్టుకి ఇరవైకి పైగా మీరే ఎదురు పెట్టుకోవాలి. తగ్గించి తీరాల్సిందే అంటే ప్రింట్ చిన్నది చెయ్యండి. ఛాతీ మీద అరచేయంత బొమ్మ ఒక్కటే అయితే డీటీఎఫ్ 75 కాస్తా 35 అవుతుంది, అప్పుడు 449కి ఇవ్వొచ్చు. నాకైతే ఆ చిన్న బొమ్మ షర్టే నచ్చుతుంది, కాలేజీకి కూడా వేసుకెళ్ళొచ్చు. ఇంకో మార్గం, ఊరికొకరు బాధ్యత తీసుకోవడం. రాజమండ్రిలో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది షర్టులు ఒకే పార్సిల్‌లో ఒకరికి పంపండి, కొరియర్ షర్టుకి పాతికలోకి దిగుతుంది. ఆ తగ్గింది వాళ్ళకే ఇవ్వండి. కొరియర్‌ని విడిగా చూపించడం కన్నా "499, ఇంటికి చేరుతుంది" అనడమే మేలు. 434 ప్లస్ 65 అని చూపిస్తే ఆ 65 దగ్గరే బేరం మొదలవుతుంది.

గేమ్ లోగో వద్దు. బీజీఎంఐ, పబ్‌జీ పేర్లు, లోగోలు, పాత్రల బొమ్మలు, స్క్రీన్‌షాట్లు ఆ గేమ్ కంపెనీ క్రాఫ్టన్ సొత్తు. రాతపూర్వకంగా అనుమతి లేకుండా అమ్మకానికి వాడితే ట్రేడ్‌మార్క్, కాపీరైట్ చట్టాల కిందకి వస్తుంది. "మేం లాభానికి చెయ్యట్లేదు" అన్నది పనికొచ్చే జవాబు కాదు, డబ్బు తీసుకుంటే అమ్మకమే. కొన్ని కంపెనీలు ఫ్యాన్స్ చేసుకునే వస్తువులకి విడిగా నియమాలు ప్రకటించాయి, జెన్‌షిన్ ఇంపాక్ట్ వాళ్ళు అలాంటివాళ్ళే. ఏ గేమ్ అయినా ఆ కంపెనీ సొంత సైట్‌లో చదువుకుని దిగాలి. చట్టం అటుంచి, వ్యాపారంగా చూసినా మీ క్లాన్ పేరే మంచిది. 2020 సెప్టెంబరు 2న మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు. 2021 జులైలో దాని బదులు బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. గేమ్ పేరు వేసిన సరుకైతే ఆ మధ్యకాలంలో ఎవరికి అమ్ముతారు? క్లాన్ పేరు వేసుకున్నవాళ్ళు వేరే గేమ్‌కి మారినా అదే షర్టు వేసుకోవచ్చు.

పన్ను సంగతి క్లుప్తంగా. టీషర్టు మీద జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న బట్టలకి ఇదే రేటు, కాబట్టి హుడీ కూడా ఇందులోకే వస్తుంది. సరుకు అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అంతదాకా మనకెందుకులే అనుకుంటారు గానీ, రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఆ పరిమితి వర్తించదు. కాకినాడలో కూర్చుని హైదరాబాద్ వాడికి షర్టు అమ్మడం అంతర్రాష్ట్ర అమ్మకమే. మీలాంటి చిన్న గుంపుకి తేలిక దారి, జీఎస్టీ ఉన్న ప్రింటింగ్ షాపు వాళ్ళే కొనుక్కునేవాళ్ళ పేరు మీద బిల్లు రాసి నేరుగా పంపేలా మాట్లాడుకోవడం. షర్టుకి కాస్త ఎక్కువ అడుగుతారు, ప్యాకింగ్ పని కూడా మీకు తప్పుతుంది. ఏటా చేద్దామనుకుంటే మాత్రం ఒకసారి అకౌంటెంట్‌ని కలవండి. అమెరికాలో, దుబాయ్‌లో ఉన్న మెంబర్లకి ఇక్కడి నుంచి పంపే ఆలోచన వద్దు, షర్టు కన్నా పోస్టేజీ ఎక్కువ. డిజైన్ ఫైలు ఇచ్చి అక్కడే ప్రింట్ చేయించుకోమనండి.

సైజుల గొడవ ఒకటి మిగిలింది. "ఎల్" అంటే ఒక్కో మిల్లుది ఒక్కోలా ఉంటుంది. మీరు తీసుకునే షర్టు చంక కింద నుంచి చంక కింద దాకా అంగుళాల్లో టేపుతో కొలిచి, "మీ దగ్గర ఉన్న షర్టుని పరిచి ఇలాగే కొలవండి" అని ఫోటో పెట్టండి. కాటన్ కాబట్టి ఉతికితే కాస్త దగ్గరవుతుంది, రెండు సైజుల మధ్య ఉన్నవాళ్ళని పెద్దదే తీసుకోమనండి. ఆర్డర్లు తెరవక ముందే ఒక శాంపిల్ చేయించి, మీలో ఒకరు వారం రోజులు వేసుకుని వాషింగ్ మెషీన్‌లో అయిదారు సార్లు ఉతకండి. ఉతికాక తీసిన ఫోటోనే ఛానెల్‌లో పెట్టండి, కంప్యూటర్‌లో చేసిన మాకప్ బొమ్మ వద్దు.

అడ్మిన్లకి, మోడరేటర్లకి ఉచితంగా ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ ఆ షర్టుల ఖర్చుని కూడా పైన చెప్పిన లెక్కలో వేసుకోవాలి. ఆరు షర్టులంటే 260 చొప్పున 1,560, కొన్నవాళ్ళ మీద తలా 26 రూపాయలు పడుతుంది. 77లో 26 పోతే 51. అది సరే అనుకుంటే ఇచ్చుకోండి, ఛానెల్‌లో ముందే చెప్పి ఇవ్వండి.